రికార్డులు కోసే బల్లమీది లేత్: మూడేళ్ల వాడకం తర్వాత

పాటను ప్లాస్టిక్ పలక మీద నేరుగా గాడిగా కోసి రికార్డు చేసే ఈ యంత్రం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, దాని ధ్వని గురించి చెప్పడానికి ముందే నా నోటికి ఒక తిట్టు వస్తుంది. అది ముల్లు వెనక ఉండే వాక్యూమ్ గొట్టాన్ని పట్టి ఉంచే, బొటనవేలంత ప్లాస్టిక్ బిగింపుకు సంబంధించినది. పళ్లెం, కడ్డీలు, ముల్లును పట్టి ఉంచే కటింగ్ హెడ్‌ను మోసే చట్రం అన్నీ పట్టుకుంటే కదలని లోహంతో చేసినవారికి, సరిగ్గా ఆ ఒక్క భాగం దగ్గరే పొదుపు ఎందుకు గుర్తొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

స్వతంత్ర సంగీతకారుల కోసం 20 నుంచి 40 ప్రతుల చొప్పున, ఎక్కువగా ఏడంగుళాల రికార్డులు, దీని మీద కోస్తున్నాను. వినైల్ అని అందరం అలవాటుగా అంటాం గానీ, నా ముల్లు కింద తిరిగేది పాలీకార్బొనేట్ పలక. అచ్చు వేసే కర్మాగారాలు చాలావరకు 100 ప్రతులకు తక్కువైతే పని ఒప్పుకోవు. పైగా 2020 ఫిబ్రవరిలో, కర్మాగారంలో అచ్చు తయారీకి మూలమైన మాస్టర్ డిస్కుల లాకర్ (మెత్తని పూత) పలకలు తయారుచేసే అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిఫోర్నియాలోని బానింగ్‌లో కాలిపోయింది. లాకర్‌తో పని లేని పద్ధతి వైపు నేను చూడడానికి ఆ వార్త కూడా ఒక కారణం.

బిగింపు మీద ఇంత కోపం ఎందుకో చెప్పాలంటే పోగు గురించి చెప్పాలి. వజ్రపు ముల్లు గాడి కోస్తూ పోతుంటే, ఆ గాడిలోంచి వచ్చిన ప్లాస్టిక్ వెంట్రుకకన్నా సన్నని ఒకే పోగుగా పైకి లేస్తుంది. నాలుగున్నర నిమిషాల పాటను 45 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 45 చుట్ల వేగంలో, కోస్తే పళ్లెం 200 సార్లకు పైగా తిరుగుతుంది కనుక, ఒక్క వైపుకే దాదాపు 90 మీటర్ల పోగు వస్తుంది. ముల్లుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో నిలబడిన గొట్టం దాన్నంతా ఎప్పటికప్పుడు లాగేసుకోవాలి. గొట్టం కాస్త వెనక్కి జరిగిందా, పోగు గాలిలో ఊగులాడుతుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లోనైతే స్థిర విద్యుత్తు వల్ల తిరిగి పలకకే అతుక్కుంటుంది.

రెండో ఏడాది ఒక గాయని కోసం 40 ప్రతులు ఒప్పుకున్నాను. రెండు వైపులా కలిపి ప్రతికి తొమ్మిది నిమిషాలు, అంటే కోతకే ఆరు గంటలు. మొదటి ప్రతిని పూర్తిగా విన్నాను, పదో ప్రతినీ విన్నాను, ఆ తర్వాత అన్నీ అలాగే ఉంటాయన్న నమ్మకంతో పక్క గదిలో అట్టలు మడుస్తూ కూర్చున్నాను. 27వ ప్రతి తిరుగుతుండగా శబ్దం మారినట్టనిపించి వచ్చి చూస్తే, గొట్టం ఒక పక్కకు వాలిపోయి ఉంది, ముల్లు చుట్టూ రేగుపండంత పోగుల ఉండ పేరుకుని ఉంది, ఆ ఉండ హెడ్‌ను పైకి ఎత్తేయడంతో గాడి క్రమంగా పలచబడి చివరికి అద్దం మీద గోటి గీతలా మిగిలింది. అక్కడ యంత్రాన్ని ఆపి నిదానంగా విప్పాల్సింది. కంగారులో పట్టకారుతో ఉండను లాగాను, వజ్రం కొస విరిగింది. ఆ తప్పు పూర్తిగా నాదే.

అసలు దెబ్బ అర్ధరాత్రి తెలిసింది. పూర్తయిన ప్రతులను వెనక్కి వరసగా వింటూ పోతే, 19వ ప్రతి నుంచే ప్రతిదానిలోనూ సన్నగా టిక్కు టిక్కుమనే చప్పుడు ఉంది. యంత్రం అదురుకు బిగింపు మర మెల్లమెల్లగా వదులై, గొట్టం దూరం జరుగుతూ, తప్పించుకున్న పోగు ముక్కలు ముల్లు కింద పడి నలిగిన గుర్తులవి. మొత్తం తొమ్మిది ప్రతులు పోయాయి, చేతిలో ముల్లు లేదు. తయారీదారుకు ఫొటోలు పంపితే, మరను తగినంత బిగించకపోవడం వాడకందారు లోపమని జవాబు వచ్చింది. కొత్త ముల్లు రావడానికి 16 రోజులు పట్టింది. ఆ గాయని తన కచేరీలో 18 ప్రతులతోనే సరిపెట్టుకున్నారు. మిగిలినవి తర్వాత ఇచ్చాను గానీ, కచేరీ అయిపోయాక రికార్డు ఎవరు అడుగుతారు?

కొన్న మూడు నెలలకే ఈ యంత్రం గురించి తోటివారికి నేను రెండు మాటలు గట్టిగా చెప్పాను. పని మొదలుపెట్టి వదిలేస్తే చాలు, తన పని తాను చేసుకుపోతుందన్నది ఒకటి. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అచ్చు వేసిన రికార్డుకు, దీనికి తేడా తెలియదన్నది రెండోది. అందులో నిజం ఉంది, కానీ పాట మొదటి మూడు నిమిషాల వరకే. ఏడంగుళాల పలక అంచున గాడి సెకనుకు దాదాపు 40 సెంటీమీటర్ల వేగంతో ముల్లు కింద జారిపోతుంది, లోపలి వైపు చేరేసరికి ఆ వేగం 25కు పడిపోతుంది, అదే ధ్వనిని అంత ఇరుకులో ఇమడ్చాల్సి వచ్చినప్పుడు స, శ, ష అక్షరాలు ఉమ్మినట్టు వినిపిస్తాయి. అందుకే ఇప్పుడు నాలుగు నిమిషాలు దాటిన పాట తెస్తే, పాడినవారికి నచ్చకపోయినా, ఆ ఊష్మాలను ముందే తగ్గిస్తున్నాను. 150 హెర్ట్జ్‌కు దిగువనున్న బేస్‌ను, అంటే మంద్ర ధ్వనులను, మోనోగా (ఎడమ, కుడి రెండింటా ఒకేలా) మార్చడం కూడా ఇలాగే నేర్చుకున్నాను. స్టీరియోలో ఎడమకు, కుడికి విడిపోయిన బేస్ హెడ్‌ను నిలువునా ఎగరేస్తే గాడి మధ్యలోనే తెగిపోతుంది.

ఇంత తిట్టాక కూడా దీన్ని అమ్మకపోవడానికి కారణం ఉంది. ప్రతి రికార్డునూ విడిగా కోస్తాను కనుక, 12వ ప్రతి తర్వాత సంగీతకారుడు మిక్స్ (గొంతు, వాద్యాల కలబోత) మార్చుకుంటే 13వ ప్రతి నుంచి కొత్తది కోయవచ్చు. అచ్చులో అది ఊహకు కూడా అందదు. ఒకరు 20 ప్రతుల్లోనూ చివర వేర్వేరు ముగింపు అడిగారు, ఇచ్చాను. ఆ పనిలో ఉన్న ఆనందం వేరు.

బిగింపు సంగతికి వస్తే, మర పని చేసే ఒక మిత్రుడు కొలతలు తీసుకుని ఇత్తడితో కొత్తది చేసిపెట్టాడు. అప్పటినుంచి అది జారలేదు. అయినా ప్రతి ఐదో పలకకు యంత్రం ఆపి గొట్టం దూరాన్ని చూసుకుంటాను, పలకను మార్చే ముందు తడిగుడ్డతో ఒకసారి తుడుస్తాను, కోత జరుగుతున్నంతసేపూ అదే గదిలో ఉంటాను. నాకు వేరే జీవనోపాధి ఉంది, నెలకు ఒక బ్యాచ్ మించి ఒప్పుకోను, ఆరు గంటలు ఒకచోట కూర్చోగలను. ఈ మూడూ ఉన్నవారికైతే, బిగింపు మార్చుకున్నాకే మొదలుపెట్టమన్న షరతుతో, కొనమనే చెబుతాను. వారానికి రెండు మూడు బ్యాచ్‌లు చేయాలనుకునేవారికి నా అనుభవం ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను, నేనెన్నడూ దాన్ని అంతగా తిప్పలేదు.