రెండు నిమిషాల్లో శుభ్రమయ్యే ఎలుకల కేజ్ అంటే నమ్మి కొనకండి

పెంపుడు ఎలుకలకి కేజ్ కొందామని చూస్తున్నవాళ్లు దయచేసి డబ్బు కట్టేముందు ఇది చదవండి. అడుగంతా తీగ జాలీ, దాని కింద బయటికి లాగే పల్చటి ట్రే, పైన ‘సులువుగా శుభ్రం చేసుకోవచ్చు’ అన్న మాట. ఈ మూడూ ఒకే కేజ్‌లో కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. నేను ఆగలేదు. మా గువ్వ కాలికి పుండు పడింది. బుజ్జికి ఊపిరి సరిగ్గా ఆడక రెండు రాత్రులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

గువ్వ, బుజ్జి ఒకే ఈతలో పుట్టిన అక్కచెల్లెళ్లు. పాత కేజ్ ఇరుకైపోయిందని మూడంతస్తులది వెతికాను. అమ్మినవాళ్లు చెప్పింది వినడానికి బాగానే ఉంది. పెంటికలు జాలీలోంచి కిందికి రాలిపోతాయట, ఎలుకల కాళ్లకి మురికి అంటదట, రోజూ ట్రే లాగి దులిపేస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుందట. ఉద్యోగం చేసుకుంటూ వీటిని చూసుకునేదాన్ని, ఇంతకంటే ఏం కావాలి అనిపించింది.

మొదటి వారంలోనే తేడా తెలిసింది. ఎండిన పెంటికలు రాలతాయి, నిజమే. మెత్తగా ఉన్నవి తీగ మీదే కూర్చుంటాయి, వాటిని ఇవి తొక్కుకుంటూ తిరుగుతాయి. ఇక మూత్రం సంగతి. ఎలుక ఒకచోట పోసి ఊరుకోదు, నడిచిన దారంతా చుక్కలు చుక్కలుగా గుర్తులు పెట్టుకుంటూ పోతుంది. అది దాని స్వభావం, తప్పు పట్టడానికి లేదు. నున్నటి పలక మీద పడితే తడిగుడ్డతో ఒక్క తుడుపుకి పోతుంది. జాలీ మీద అయితే ప్రతి తీగ చుట్టూ పట్టి, ఆరి, పసుపుపచ్చగా పెచ్చు కడుతుంది. తీగా తీగా కలిసే అతుకుల దగ్గర మరీ గట్టిగా. పాత టూత్‌బ్రష్ పట్టుకుని కుళాయి కింద ఒక్కొక్క గడీ రుద్దుతూ కూర్చుంటే ఒక అంతస్తుకే అరగంట పట్టేది. అలాంటివి మూడు.

ట్రే ఇంకా ఘోరం. చెయ్యి కోసుకోకుండా దాని అంచుని లోపలికి మడిచి నొక్కారు. ఆ మడతలోకి మూత్రం దూరుతుంది కానీ గుడ్డ దూరదు. మూడో వారంలో ఒకరోజు ట్రే కడిగి, తుడిచి, గోడకి నిలబెట్టాను. మడత మూల నుంచి గోధుమరంగు నీళ్లు ఓ చెంచాడు నేలమీదికి కారాయి. ఆ ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను రోజూ శుభ్రం చేస్తున్నాననుకున్న ట్రేలో అన్నాళ్లూ అది నిలవ ఉంటూనే ఉంది.

‘తుప్పు పట్టదు’ అన్న మాట కూడా నిలబడలేదు. అది జింక్ పూత వేసిన తీగ. మూత్రం తగిలిన చోట ముందు తెల్లటి పొడి లేచింది, మూడు నాలుగు నెలలు తిరిగేసరికి పూత పోయి కింద ఎర్రగా తుప్పు కనిపించింది. గరుకుగా మారిన లోహం వాసనని ఎలా పట్టుకుంటుందో చెప్పలేను. ఎంత కడిగినా, ఆరిన గంటకే మళ్లీ అదే వాసన.

ఈ వాసన మన ఇబ్బందితో పోయేదైతే నేనింత రాసేదాన్ని కాదు. మూత్రంలో యూరియా ఉంటుంది, బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. తడి ఎంతసేపు నిలిస్తే అంత ఎక్కువ తయారవుతుంది. మన ముక్కు కొన్నాళ్లకే దానికి అలవాటు పడిపోతుంది. మా చెల్లెలు వచ్చి గుమ్మంలోనే ఆగి ‘అక్కా, ఏంటీ కంపు?’ అనేదాకా నాకు తెలియనే లేదు. నేను గదిలో ఎక్కడో ఉంటాను, ఇవి ట్రేకి జానెడు ఎత్తులో పడుకుని రాత్రింబవళ్లు అదే గాలి పీలుస్తాయి. పైగా ఎలుకకి ఊపిరి తీసుకునే దారి ముక్కు ఒక్కటే, మనలా అవసరానికి నోటితో పీల్చలేదు. పెంపుడు ఎలుకల్లో చాలావాటి ఒంట్లో మైకోప్లాస్మా పల్మోనిస్ అనే క్రిమి ముందునుంచే ఉంటుంది. గాలి బాగున్నన్నాళ్లూ చాలావరకు అణిగి ఉంటుంది. అమ్మోనియా ముక్కు, శ్వాసనాళాల లోపలి పొరని దెబ్బతీసిందంటే విజృంభిస్తుంది.

బుజ్జికి అదే జరిగింది. మొదట ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ ఎర్రటి మరకలు కనిపిస్తే రక్తం అనుకుని హడలిపోయాను. అది పోర్ఫిరిన్ అనీ, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి స్రావమనీ, ఒంట్లో బాగాలేకపోయినా బెదిరినా ఎక్కువ కారుతుందనీ డాక్టర్ గారు చెప్పారు. బుజ్జిని చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరితో పాటు సన్నగా టిక్ టిక్ మని వినిపించేది. మీ ఎలుక దగ్గర ఆ చప్పుడు వింటే రేపు చూద్దాంలే అనుకోకండి. మందులు వారాల తరబడి నడిచాయి.

గువ్వని కూడా చూపిద్దామని తీసుకెళ్తే ఆయన దాని వెనక కాలు తిప్పి చూసి, ‘కేజ్ అడుగు జాలీయేనా అమ్మా?’ అని అడిగారు. మడమ కింద ఎర్రగా ఆనెకాయలా కట్టి, మధ్యలో నల్లటి పక్కు ఉంది. దీన్ని బంబుల్‌ఫుట్ అంటారు. ఒంటి బరువంతా సన్నటి తీగల మీద పడి అరికాలి చర్మం ఒరుసుకుపోతుంది, ఆ చీలికలోకి స్టాఫిలోకాకస్ లాంటి బాక్టీరియా చేరుతుంది. మూత్రపు తడి దానికి ఇంకా తోడు. ఎలుకల కాళ్లకి మురికి అంటదని చెప్పి అమ్మిన జాలీయే దాని కాలు పాడుచేసింది.

నావైపు పొరపాట్లు కూడా చెప్పాలి, మీరు చేయకుండా ఉంటారని. వాసన తగ్గుతుందని ట్రేలో సువాసన వచ్చే పైన్ పొట్టు పోశాను. బట్టీలో ఆరబెట్టని పైన్, దేవదారు పొట్టుల్లో ఉండే ఘాటైన పదార్థాలు ఎలుకల ఊపిరికీ కాలేయానికీ మంచివి కావు. సువాసన వల్ల పోయేదేమీ లేదు, అమ్మోనియా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత విసుగెత్తి కేజ్ మొత్తం రెండు రోజులకోసారి కడగడం మొదలుపెట్టాను. తమ వాసన పూర్తిగా పోయేసరికి ఇవి కంగారుపడి ఇంతకు ముందుకంటే ఎక్కువ గుర్తులు పెట్టడం మొదలుపెట్టాయి. ఇంకో రోజు ఆ మడతలో బ్లీచ్ పోశాను. ఊపిరాడక కిటికీ దగ్గరికి పరుగెత్తాను. అమ్మోనియా మీద బ్లీచ్ పడితే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. వెనిగర్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది. ఎలుకలు అప్పుడు వేరే గదిలో ఉండబట్టి సరిపోయింది. బ్లీచ్ జోలికి మాత్రం పోకండి.

అమ్మినవాళ్లకి ఫొటోలన్నీ పంపాను. ‘సరిగ్గా కడగడం లేదు, వాడిన సరుకు వెనక్కి తీసుకోం’ అన్నారు. అక్కడితో ఆ మాట వదిలేశాను.

ఇప్పుడున్న కేజ్ కొనేముందు బొమ్మ చూసి మోసపోలేదు, నా చెయ్యి ఎంతవరకు వెళ్తుందో చూసుకున్నాను. ముందువైపు మొత్తం తెరుచుకోవాలి, వెనక మూలకి మోచెయ్యి దాకా చేరాలి. అంతస్తులన్నీ నిండు పలకలు, స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా ఊడి రావాలి. తీగకి పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగుని వేడితో కరిగించి పట్టించిన పూత, ఉండాలి, అతుకుల దగ్గర కూడా రంగు నిండుగా పట్టి ఉండాలి. ట్రే ఒకే అచ్చులో పోసినట్టు మడతల్లేకుండా, 15 సెంటీమీటర్ల దాకా లోతుగా ఉండాలి. పల్చటి ట్రే అయితే బెడ్డింగ్, అంటే అడుగున పరిచే మెత్తటి పరుపు, అంతా తన్ని గదిలో పోస్తాయి. ఆ ట్రే మీరు కడిగే చోట పడుతుందో లేదో ముందే టేపు పెట్టి కొలుచుకోండి, ఇది చాలామంది మర్చిపోతారు. ఎలుక పిల్లలకీ ఆడ ఎలుకలకీ తీగల మధ్య సందు అర అంగుళం దాటకూడదు, తల పట్టిందంటే ఒళ్లంతా బయటికి వచ్చేస్తుంది. ఒక్కో ఎలుకకి కనీసం 2 ఘనపుటడుగుల చోటు లెక్క వేసుకోండి, అంతకంటే ఎక్కువైతే మరీ మంచిది. గాజు తొట్టెలు అసలు వద్దు, గాలి ఆడదు.

ఇప్పుడు నా పని నిజంగానే తేలికైంది. ఒక మూల చిన్న డబ్బాలో కాగితం గుళికలు పోసి, మధ్యలో నున్నటి గులకరాయి పెట్టాను. ఎందుకో ఆ రాయి మీదే పోయడం వీటికి ఇష్టం. రోజూ ఆ డబ్బా ఒక్కటే మారుస్తాను. పలకల మీది మెత్తటి గుడ్డలూ ఊయలా మూడు నాలుగు రోజులకోసారి సువాసన లేని సబ్బుతో ఉతుకుతాను. వారానికోసారి సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి తుడిస్తే మూత్రపు పెచ్చు కరిగిపోతుంది. తర్వాత మంచినీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనిస్తాను. పాత బెడ్డింగ్‌లోంచి పొడిగా ఉన్నది ఒక గుప్పెడు తిరిగి కొత్తదాంట్లో కలుపుతాను, అప్పుడు కంగారుపడవు.

ఇప్పటికే అలాంటి జాలీ కేజ్ కొనేసి, మార్చే వీలు లేనివాళ్లు ఈ రాత్రికే జాలీ మీద గట్టి అట్ట పరిచి, పైన మందపాటి గుడ్డ వేయండి. అట్ట తడిస్తే వెంటనే మార్చేయండి. కాళ్లు తిప్పి అరికాళ్లు చూడండి, ఎరుపు మొదట్లోనే కనిపిస్తుంది.

నా పాత కేజ్ ఇవ్వమని ఇద్దరు అడిగారు, ఇవ్వలేదు, విడదీసి ఇనప సామాన్లకి వేశాను. మీరు ఎవరిదగ్గరైనా వాడిన కేజ్ తీసుకుంటుంటే ఒక గుడ్డని వేడినీళ్లలో ముంచి, అతుకుల మీదా ట్రే అంచు మీదా నిమిషం పాటు అదిమి ఉంచి, వాసన చూడండి. పొడిగా ఉన్నప్పుడు ఏ వాసనా లేనట్టుండే ఇనుము అప్పుడు చెప్పేస్తుంది.