ఫెర్న్‌ల చుట్టరికం తేల్చడానికి ఏది మేలు: ఆకు చూడడమా, డీఎన్‌ఏ చదవడమా?

కడప చుట్టుపక్కల కొండల్లోని ఫెర్న్‌ల (పువ్వు, విత్తనం లేకుండా సిద్ధబీజాలనే పొడితో మొలిచే మొక్కల) మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు మొదట అడిగేది ఇదే: "సార్, మైక్రోస్కోపుతో సరిపెట్టేద్దామా, డీఎన్‌ఏ చేయిద్దామా? చేయిస్తే ఏ జన్యువు?" నా మొగ్గు ముందే చెప్పేస్తాను. మొక్క పేరు కావాలంటే ఆకు చాలు. ఏది దేనికి చుట్టమో కావాలంటే, అందులోనూ మా సీమ లాంటి ఎండ ప్రాంతంలో, డీఎన్‌ఏ లేకుండా కుదరదు. అది కూడా ఒక్క జన్యువుతో తేలదు.

ఆకును తిరగేసి, అడుగున సిద్ధబీజాల గుంపులు ఎక్కడున్నాయి, వాటిమీద పొర ఉందా లేదా, కాడమీద పొలుసులు ఎలా ఉన్నాయి అని చూడడం పాత పద్ధతి. ఖర్చు లేదు, సగం పని కొండమీదే అయిపోతుంది. శిలాజాల్లో డీఎన్‌ఏ మిగలదు కాబట్టి, కోట్ల ఏళ్లనాటి ఫెర్న్‌ల సంగతి తేల్చాలన్నా ఇదే దిక్కు.

చిక్కల్లా పోలికలతోనే. ఎండకు తట్టుకోవడానికి ఫెర్న్‌కు ఉన్న ఉపాయాలు కొన్నే. ఆకు చిన్న చిన్న ముక్కలుగా చీలుతుంది. అడుగున వెంట్రుకలో, పొలుసులో, తెల్లటి పొడో పట్టి ఉంటుంది. అంచు లోపలికి మడుచుకుని సిద్ధబీజాలను కప్పుతుంది. వేర్వేరు వంశాలు విడివిడిగా ఈ దారే పట్టాయి. బండల సందుల్లో మొలిచే చీలాంథిస్‌లను ఈ పోలికలు చూసే ఒకే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) వేశారు. జన్యువులు పోల్చాక చూస్తే అవన్నీ ఒకే కొమ్మవి కావు. నెమలిశిఖది దీనికి తిరగబడ్డ కథ. కోటగోడల మీద, రాళ్ల నెర్రెల్లో వేసవికి ముడుచుకుపోయి వాన పడగానే విచ్చుకునే ఈ మొక్క జానెడు తాటిచెట్టులా ఉంటుంది. పక్షి ఈకలా సన్నగా చీలిన ఆకుల ఓనికియంతో దానికి దగ్గర చుట్టరికం ఉందని కంటితో చూసి ఎవరంటారు? డీఎన్‌ఏ అంటోంది.

ఇక ఏ జన్యువు? మొదట ఆర్‌బీసీఎల్. ఈ జన్యువు ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువులో ఉంటుంది, దాదాపు 1,400 డీఎన్‌ఏ అక్షరాల పొడవు. ఒక్కో కణంలో హరితరేణువు డీఎన్‌ఏ నకళ్లు బోలెడు కాబట్టి చిన్న ఎండుటాకు ముక్కలోంచి కూడా వస్తుంది. 1990ల నుంచీ ప్రపంచమంతా దీన్నే చదువుతోంది, అందుకే అందరికీ తెరిచి ఉన్న డీఎన్‌ఏ భాండారం జెన్‌బ్యాంక్‌లో పోల్చుకోవడానికి కొరత లేదు. 2001లో వృక్షశాస్త్రవేత్త ప్రయర్ బృందం దీనికి మరికొన్ని జన్యువులు కలిపి చూస్తే, ఫెర్న్‌లా కనబడని ఈక్విసీటమ్, సైలోటమ్ మొక్కలు రెండూ ఫెర్న్‌ల వంశంలోనే తేలాయి. వేళ్లు లేవు, సరైన ఆకులు లేవు అని సైలోటమ్‌ను తొలి నేలమొక్కల మిగులు అనుకునేవారు. తీరా చూస్తే అది ఓఫియోగ్లాసమ్ అనే ఫెర్న్‌కు బంధువు. మన డిగ్రీ నోట్సుల్లో మాత్రం ఇంకా వేరే గదిలోనే ఉంది!

ఆర్‌బీసీఎల్‌కు రెండు లోపాలు. ఇది నిదానంగా మారుతుంది, దగ్గరి జాతుల మధ్య తేడా దొరకకపోవచ్చు. దానికి విరుగుడు సులువే, త్వరగా మారే టీఆర్‌ఎన్‌ఎల్-ఎఫ్ భాగాన్ని కూడా చేయించాలి. రెండోది పెద్దది. ఫెర్న్‌లలో హరితరేణువు సాధారణంగా తల్లి నుంచే వస్తుంది. రెండు జాతులు కలవడం, ఆ సంకరంలో క్రోమోజోములు రెట్టింపు కావడం ఫెర్న్‌లకు మామూలే. అలా పుట్టిన మొక్కను ఆర్‌బీసీఎల్‌తో చూస్తే అచ్చం తల్లే కనబడుతుంది, తండ్రి ఆనవాలే ఉండదు. అందుకు కణకేంద్రకంలో ఉండే గ్యాప్‌సీపీ లాంటి జన్యువు (కేంద్రక జన్యువు) కావాలి. అందులో ఇద్దరి నకళ్లూ ఉంటాయి, వాటిని విడదీసి చదవడమే తలనొప్పి.

మొత్తం జీనోమ్, అంటే మొక్క డీఎన్‌ఏ అంతా, చదివేస్తే పోలేదా అంటారు. విద్యార్థికి ఆ టెన్షన్ అక్కర్లేదు. ఫెర్న్‌ల జీనోమ్‌లు కొండంత. 2024లో బయటపడిన ట్మెసిప్టెరిస్ ఒబ్లాన్సియోలాటా అనే ఫెర్న్ జీనోమ్ 16,000 కోట్ల అక్షరాలు, మనిషిది సుమారు 300 కోట్లే. 2018లో ఫెర్న్‌లలో మొదట చదివింది నీటిమీద తేలే అజొల్లా, సాల్వీనియాలవి, అవి చిన్నవి కాబట్టే. అనంతపురం పాడిరైతులు తొట్లలో పెంచే అజొల్లా మీద పని చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. దాని ఆకులో నీలిఆకుపచ్చ శైవలం కాపురముంటుంది, రెండింటి డీఎన్‌ఏ కలిసే చేతికొస్తుంది.

నా సలహా: అన్నిటికీ ఆర్‌బీసీఎల్, టీఆర్‌ఎన్‌ఎల్-ఎఫ్ చేయించండి. ఆకు ఒకటి చెప్పి డీఎన్‌ఏ మరొకటి చెప్పిన మొక్కలకు మాత్రం కేంద్రక జన్యువు మీద డబ్బు పెట్టండి. అటవీశాఖ అనుమతి తీసుకుని, వానలు పడ్డాక లేతాకు కోసి వెంటనే తేమ పీల్చే సిలికా జెల్‌లో వేయండి. అదే మొక్కనుంచి ఇంకో ఆకును ఎండబెట్టి హెర్బేరియం షీటుకు (మొక్కల నమూనాలు దాచే కాగితానికి) అతికించి, రెండింటికీ ఒకే నంబరు వేయండి. షీటు లేని సీక్వెన్సు (చదివిన డీఎన్‌ఏ వరుస) ఏ మొక్కదో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.