ఇంజన్ దించకుండానే జబ్బు పట్టుకున్న ఆటోనగర్ షెడ్డు

మాది 2013 పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, కొన్నాళ్ళకి సీఎన్‌జీ కిట్టు వేయించాం. రెండు నెలల నుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండి మొత్తం వణకడం, ఏసీ వేస్తే పికప్ చచ్చిపోవడం, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేరే దిక్కు. ముందు వేరే చోట చూపిస్తే ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, తగ్గలేదు, ఇక పిస్టన్ చుట్టూ ఉండి ఒత్తిడి కిందికి కారకుండా ఆపే రింగులు పోయాయి, ఇంజన్ దించాలి 45 వేలు అవుతుంది అన్నారు, అదీ సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే గేజీ ఒక్కసారి కూడా పెట్టి చూడకుండా! చాలా బాధేసింది.

మా బావ చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి తీసుకెళ్ళా. మేస్త్రి గారు ఇంజన్ వేడెక్కనిచ్చి, బ్యాటరీ చూసుకుని, నాలుగు ప్లగ్గులూ పీకి, కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు తీసేసి, నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టమన్నారు. ఒక్కో సిలిండర్‌కి గేజీ బిగించి చాక్‌పీస్‌తో గోడ మీద రాశారు, 175, 170, 90, 170 పీఎస్ఐ. మూడోది సగమే! అందులో ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టిస్తే 95 దగ్గరే ఆగింది. "రింగులైతే ఆయిల్‌కి సీలు పడి బాగా పెరగాలి సార్, ఇది వాల్వు" అన్నారు. వాల్వులంటే సిలిండర్‌లోకి గాలి రానిచ్చే, పొగ బయటికి పంపే మూతలు.

అక్కడితో వదల్లేదు, నాకు బాగా నచ్చింది ఇదే. మూడో పిస్టన్ పైకి తెచ్చి రెండు వాల్వులూ మూసుకునేలా పెట్టి, ప్లగ్గు కన్నంలోంచి కంప్రెసర్ గాలి వదిలి, సైలెన్సర్ దగ్గర చెవి పెట్టండి సార్ అన్నారు. సుయ్యిమని గాలి వస్తోంది. ఆయిల్ మూత తీస్తే చప్పుడు లేదు, రేడియేటర్‌లో బుడగలు లేవు. అంటే రింగులూ బానే ఉన్నాయి, హెడ్ గాస్కెట్టూ (ఇంజన్ పైభాగమైన హెడ్డు కింద ఉండే సీలు) బానే ఉంది, పోయింది పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు.

హెడ్డు విప్పి చూపిస్తే నిజంగానే ఆ వాల్వు అంచు గోరంత మేర కాలిపోయి ఉంది, ఎలక కొరికినట్టు. సీఎన్‌జీ పొడి గ్యాస్ కదా, వాల్వు ఆనుకునే సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుందట, దాంతో వాల్వుని నొక్కే ట్యాపెట్ దగ్గర ఉండాల్సిన గ్యాప్ పోయి వాల్వు పూర్తిగా మూసుకోక మంట అక్కడినుంచే కారుతూ అంచుని తినేస్తుందట. నేను కిట్టు వేయించాక ఒక్కసారి కూడా ట్యాపెట్లు చూపించలేదు, చూపించాలని ఎవరూ చెప్పలేదు కూడా.

లేత్ పని, కొత్త వాల్వు, సీట్ కటింగ్, సీల్స్, గాస్కెట్ అన్నీ కలిపి 13,800. పాత వాల్వు చేతిలో పెట్టారు. బిగించాక మళ్ళీ గేజీ పెడితే నాలుగూ 170 పైనే.

ఇబ్బంది ఏంటంటే రెండు రోజులు అని నాలుగు రోజులు చేశారు, ఫోన్ ఎత్తరు, కూర్చోడానికి నీడ కూడా లేదు. అయినా ఇంట్లో ఇంకో బండి ఉంటే ఇక్కడికే తెస్తాను. 10 వేల కిలోమీటర్లకి ట్యాపెట్లు చూపించుకోమన్నారు, అప్పటి రీడింగ్ కూడా ఇక్కడే రాస్తా.