ఓడ మీద లగ్గం: ఓడలో పోని చుట్టాలకు దావత్ ఎక్కడ పెడితే మేలు?

విశాఖపట్నంలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ తెరిచాక ఓడ మీద పెళ్లి మాట మన నల్లగొండ పిల్లల నోట కూడా వినపడుతోంది. మా అన్న బిడ్డ లగ్గం అట్లే కుదిరింది. జంట, దోస్తులు, దగ్గరి కుటుంబం టికెట్ కొని ఓడలో పోతారు. తక్కిన చుట్టాలు ఓడ రేవులో ఉన్నంతసేపు పైకెక్కి, అక్షింతలేసి, అది కదిలేలోపు దిగిపోవాలి. బట్టలు, ఫొటోల గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం గానీ ఈ దిగిపోయేవాళ్లు ఎక్కడ తినాలన్నది చివరి దాకా ఎవరికీ గుర్తుకురాదు. నాకైతే అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది అదే.

ఓడలోనే పెట్టిస్తే ఒకే చోట పని అయిపోతుందనిపిస్తుంది. కానీ టైం లెక్క వేసి చూడండి. మధ్యాహ్నం ఎక్కించడం మొదలుపెట్టి సాయంత్రం కదిలే ఓడలో టెర్మినల్ లైను, ఆధార్ చూపించడం, బ్యాగుల స్కానింగ్, తంతు, ఫొటోలు పోను తినడానికి గంట మిగిలితే ఎక్కువ. మామూలు పెళ్లి ప్యాకేజీలో వచ్చేది కేకు, జ్యూసు, చిన్న చిన్న స్నాక్స్. పెద్ద బుఫే టికెట్ ఉన్నవాళ్లది. మనవాళ్లకూ కావాలంటే తలకింత అని విడిగా మాట్లాడుకోవాలి, అదీ కంపెనీ ఒప్పుకుంటేనే. ఇంట్లో వండినవి లోపలికి రానివ్వరు. అన్నిటికన్నా కష్టం పేర్ల లిస్టు. ఎవరెవరు ఎక్కుతారో ముందే పేర్లు, గుర్తింపు కార్డులు ఇచ్చేయాలి. మన దగ్గరేమో పిలుపు ఇంటికి పోతుంది, ఆ ఇంట్లోంచి ఎవరొస్తారో బస్సెక్కేటప్పుడు తెలుస్తుంది. పెద్దనాన్న బదులు ఆయన కొడుకు వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. అంత దూరం వచ్చిన మనిషిని పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపినట్టే కదా.

విశాఖలో హోటల్ దీనికన్నా నయం. అయితే ఏ పూట అన్నది చూసుకోవాలి. విశాఖ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం నల్లగొండలో ఎక్కితే పొద్దున దింపుతుంది. దిగి, స్నానాలు చేసి, టిఫిన్ తినేసరికి పెళ్లిపిల్ల, పిల్లగాడు చెక్ఇన్‌కి బయలుదేరి ఉంటారు, తల్లిదండ్రులు వాళ్ల వెంట. పొద్దున పదింటికి భోజనం వడ్డించినా ఎవరికీ ఆకలి ఉండదు, 'ఇంకొంచెం వేసుకో బావా' అని అడిగే మనిషీ ఉండడు. ఓడ దిగాక పెడదామంటే అప్పటికి పెళ్లివాళ్లంతా సముద్రంలో ఉంటారు. అందుకే హోటల్ అయితే ముందు రోజు రాత్రి భోజనమే సరైంది. జంట కూర్చుంటుంది, గడియారం వెంటపడదు. కాకపోతే చుట్టాలు ఒకరోజు ముందు రావాలి, రూముల ఖర్చు మనదే.

మూడో దారి నల్లగొండలోనే, ఓడ తేదీకి నాలుగైదు రోజుల ముందు. మొదట మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "లగ్గం గాకముందే దావతేంది బిడ్డా, తలంబ్రాలు జూడకుండ కట్నం ఎట్ల సదివిస్తరు?" అంది. ఆమె మాటలో న్యాయముంది. దానికి దారి ఓడ నిబంధనల్లోనే దొరికింది: ఓడ మీద నిప్పు వెలిగించనివ్వరు, అంటే హోమం కుదరదు. హోమం లేని ముహూర్తం అయ్యగారికీ ఇష్టం లేదు. దాంతో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఏడడుగులు ఇక్కడి ఫంక్షన్ హాల్లోనే జరిపి, ఓడ మీద దండలు, కేకు పెట్టుకున్నాం. ముహూర్తం నాడు పప్పు, పచ్చిపులుసు, బూరెలు. అంతకుముందు పోచమ్మ బోనం రోజున బగారా అన్నం, మటన్. ఇస్తరాకులేసి బంతి మీద కూర్చోబెట్టాం. పిల్ల నాయిన బకెట్ పట్టుకుని బంతంతా తిరిగి తానే కూర వేశాడు. గంటలో దిగిపొమ్మనే చోట ఆ మర్యాద ఎక్కడ కుదురుతుంది?

నా మాట ఇదే: చుట్టాల్లో ఎక్కువమంది వ్యవసాయం, పశువులు వదిలి రాలేనివాళ్లయితే ఇంటి దగ్గరే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. విశాఖ దాకా వచ్చే కొద్దిమందికి ముందు రాత్రి హోటల్లో పెట్టండి. ఓడలో మాత్రం చిన్న ప్యాకేజీ చాలు, దాన్ని భోజనం కింద లెక్కేయకండి. ఉన్న డబ్బంతా ఓడ బుఫేకి పోసి ఊళ్లో పదిమందికి అన్నం పెట్టకపోవడం నాకు తప్పనిపిస్తుంది.

షుగర్ ఉన్న పెద్దలు ఓడ ఎక్కుతుంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. పొద్దున ఇడ్లీ తిని లైన్లో నిలబడితే మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోతుంది. వాళ్లను ఆఖరున ఎక్కించమని టెర్మినల్ వాళ్లను ముందే అడగండి. జేబులో సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్ ఉంచండి, దాన్ని రానిస్తారో లేదో కంపెనీని అడిగి రాతలో తీసుకోండి. దిగి వచ్చేవాళ్ల కోసం పులిహోర, పెరుగన్నం పొట్లాలు బయట ఆగిన బస్సులో పెట్టి, ఓడలో పోని బాబాయి ఒకరికి ఆ పని అప్పగించండి. కార్డులో కూడా 'భోజనం నల్లగొండలో, ఓడపై అల్పాహారం మాత్రమే' అని పెద్ద అక్షరాలతో వేయించండి.