మొదటి గూస్ కాల్: ఫ్లూటా, షార్ట్ రీడా? పాలీయా, అక్రిలిక్కా?

గూస్ కాల్ అంటే గూస్ అనే పెద్ద అడవిబాతు అరుపుని నోటితో ఊది పలికించే చిన్న పనిముట్టు, వేటగాళ్లు దాంతో పక్షుల్ని పిలుస్తారు. ఫ్లూట్, షార్ట్ రీడ్ దాంట్లో రకాలు. షార్ట్ రీడ్ గూస్ కాల్‌ని మొదటిసారి ఊదితే వచ్చేది గూస్ అరుపు కాదు, చిన్నప్పుడు కొబ్బరాకు చుట్టి చేసుకున్న బూర శబ్దం. రెండు వారాలైనా అదే శబ్దం వస్తుంటే కాల్ కాస్తా కారు డాష్‌బోర్డు అరలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. ఇందులో ఊదేవాళ్ల తప్పు సగమే. మిగతా సగం కొన్న రోజే జరిగిపోయింది. మెరుపు చూసి కొన్నారు, అది ఎంత గాలి అడుగుతుందో చూసుకోలేదు.

ఇదంతా ఉత్తర అమెరికాలో కెనడా గూస్ వేట గురించి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇలాంటి వేట నేరం. చలికాలంలో మన చెరువులకొచ్చే పట్టెతల బాతుని కెమెరాతో పట్టుకోవడమే తప్ప ఇంకో మార్గం లేదు. అక్కడ మాత్రం న్యూజెర్సీలోనో షికాగో శివార్లలోనో ఆఫీసు చెరువుగట్టు మీద నడిచే మనవాళ్లకి కెనడా గూస్ రోజూ దారికి అడ్డం వచ్చే పక్షి. చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరులోనే స్థానిక గూస్‌ల కోసం ముందస్తు సీజన్ తెరుస్తారు. చలి ముదిరాక ఉత్తరం నుంచి వలస గుంపులు దిగుతాయి. మామూలు సీజన్లో రికార్డు చేసిన అరుపులు పెట్టి కెనడా గూస్‌ని పిలవడం ఫెడరల్ నిబంధనలు ఒప్పవు. కాబట్టి నోటితో ఊదే కాల్ నేర్చుకోక తప్పదు.

లోపల ఏముంది

షార్ట్ రీడ్ కాల్‌లో బయటికి కనిపించేవి రెండు ముక్కలు. నోటికి ఆనేది బ్యారెల్. అవతలి కొసన, చేతిలో ఇమిడేది ఇన్సర్ట్. ఇన్సర్ట్‌ని బ్యారెల్లోంచి లాగితే దాని మొదట్లో పొడుచుకొచ్చిన చిన్న గొట్టం కనిపిస్తుంది, దాన్నే గట్స్ అంటారు. అసలు కాల్ అదే. ఆ గొట్టంలో ఒక పక్క కాలవలా తొలిచిన భాగం టోన్ బోర్డు. దాని మీద పరిచిన మైలార్ అనే పలచని ప్లాస్టిక్ రేకు రీడ్. ఆ రేకు కదలకుండా బిగించే చిన్న రబ్బరు ముక్క వెడ్జ్. రీడ్ మందం సాధారణంగా 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు. కొన దగ్గర ఇంకాస్త గీకి పలచన చేస్తారు.

గాలి మెల్లగా పంపితే రీడ్ బొంగురుగా మూలుగుతుంది. ఒక్కసారి తోస్తే గొంతు విరిగి పై స్వరానికి దూకుతుంది. కెనడా గూస్ అరుపంతా ఈ విరుపులోనే ఉంది. అమెరికా వేటగాళ్లు దీన్ని బ్రేక్ అంటారు. మొదటి కాల్ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: తక్కువ గాలికి, అడిగినప్పుడల్లా ఆ విరుపు వస్తుందా?

మూడు రకాల్లో షార్ట్ రీడే ఎందుకు

రెసొనెంట్ చాంబర్ అనే మూడో రకం కాల్ అన్నిటికంటే త్వరగా లొంగుతుంది. కొన్న రోజు సాయంత్రానికే హాంక్ (గూస్ పెద్దగా వేసే అరుపు) లాంటిది వచ్చేస్తుంది. కానీ ఆ హాంక్, దానికో చిన్న క్లక్ (పొట్టిగా తెగే అరుపు), అంతకు మించి ఇవ్వదు. ఆర్నెల్లు సాధన చేసినా మొదటి వారం శబ్దమే.

ఫ్లూట్ పొడుగు గొట్టం. లోతైన స్వరం, నిదానమైన విరుపు, తప్పుని క్షమించే గుణం దాని సొత్తు. దూరాన పోతున్న గుంపుని తలతిప్పి చూసేలా చేయడానికి ఇప్పటికీ మంచి పనిముట్టు. గుంపు దగ్గరికొచ్చి డికాయ్‌ల (ఆకర్షించడానికి పెట్టే బొమ్మ గూస్‌ల) మీద తిరుగుతున్నప్పుడు కావాల్సిన గబగబా క్లక్కులు, మేత మేస్తూ చేసే గొణుగుడు మాత్రం దాంట్లో కష్టం. ఇంకో చిక్కు కూడా ఉంది. కెనడా గూస్‌లలో పెద్దవాటి గొంతు లోతు, చిన్నవాటిది కీచు. ఆ చిన్నవాటిలో కొన్నిటిని 2004లో అమెరికా పక్షిశాస్త్రజ్ఞులు క్యాక్లింగ్ గూస్ అని వేరే జాతిగానే విడదీశారు. చిన్న గూస్‌లు ఎక్కువగా తిరిగే చోట ఫ్లూట్ లోతు సరిపడదు.

షార్ట్ రీడ్ ఈ రెండు గొంతులూ పలుకుతుంది. మూలుగు, క్లక్, రెండు క్లక్కుల జంట, గొణుగుడు, దూరపు హాంక్, అన్నీ ఆ నాలుగైదు అంగుళాల్లోనే. దానికి బదులు మొదటి నెల మీ ఓపిక తినేస్తుంది. సీజన్‌కి మూడు వారాలే ఉందా? ఈ ఏటికి ఫ్లూట్ కొనుక్కోండి, సిగ్గుపడాల్సిందేం లేదు. రెండు నెలలకి పైగా ఉంటే మాత్రం నేరుగా షార్ట్ రీడ్‌కే వెళ్లండి. ఫ్లూట్ మీద ముందు నేర్చుకుని తర్వాత మారదాం అనుకుంటే ఊపిరి అలవాట్లు మళ్లీ దిద్దుకోవాల్సి వస్తుంది.

బోరు ఇరుకా, వెడల్పా

షాపులో ఎవరూ చెప్పని సంగతి ఇది. ఇన్సర్ట్ లోపలి రంధ్రం, అంటే బోరు, ఇరుకుగా ఉంటే గాలికి ఎదురు ఒత్తిడి కాల్‌లోనే పుడుతుంది. ఆ ఒత్తిడి ఆసరాతో రీడ్ తేలిగ్గా విరుగుతుంది. రంధ్రం వెడల్పయితే ఆ ఒత్తిడి మీ చేతులే ఇవ్వాలి, ఊపిరీ ఎక్కువ పొయ్యాలి. వెడల్పు బోరుకి శబ్దం పెద్దది, అది గాలివీచే పొలంలో అరమైలు దూరం మోగాలంటే పనికొస్తుంది. కొత్తవాళ్లకి మాత్రం అదే శాపం. విరుపు రాదు, గాలి పెంచుతారు, బుగ్గలు ఉబ్బుతాయి, కీచుమంటుంది, ఇంకా పెంచుతారు.

పోటీల కోసం చేసిన కాల్స్ ఈ కోవలోవే. మేరీలాండ్‌లోని ఈస్టన్‌లో నవంబరులో జరిగే వాటర్‌ఫౌల్ ఫెస్టివల్‌లో ప్రపంచ స్థాయి గూస్ కాలింగ్ పోటీ ఉంటుంది. అక్కడ న్యాయనిర్ణేతలు వినేది వేగం, బిగువు, స్వరాల స్పష్టత. ఆ వీడియోలు చూసి, వాళ్ల చేతిలో ఉన్న కాల్ కొనడమంటే డ్రైవింగ్ నేర్చుకోవడానికి రేసు కారు కొనడమే. డబ్బా మీద కాంటెస్ట్ అనే మాట కనిపిస్తే పక్కన పెట్టండి.

షాపులో ఊదనిస్తే నాలుగు సంగతులు చూసుకోండి. సగం ఊపిరితో బొంగురు స్వరం ఐదు సెకన్లు వణక్కుండా నిలవాలి. అక్కణ్నుంచి చిన్న తోపుకే విరగాలి. విరిగాక గాలి ఆపితే వెంటనే నోరుమూసుకోవాలి, కూ అని సాగకూడదు. ఓ పదిహేనుసార్లు ఊదాక తడికి రీడ్ అతుక్కోకూడదు. ఆన్‌లైన్లో కొంటే ఈ పరీక్ష ఇంట్లో చేసి, వాపసు గడువు ముగిసేలోపు నిర్ణయించుకోండి.

పాలీ, అక్రిలిక్, కొయ్య

పాలీకార్బొనేట్ కాల్ అచ్చులో పోసినది, సుమారు 20 నుంచి 40 డాలర్లు. అక్రిలిక్ కడ్డీని లేతు మీద తొలిచి, పాలిష్ చేసి, ఒక్కోదాన్ని చేత్తో ట్యూన్ చేసి అమ్ముతారు. సుమారు 100 నుంచి 180 డాలర్లు. శబ్దంలో తేడా ఉంది. అక్రిలిక్ అంచు పదునుగా, మోతగా పలుకుతుంది. పాలీ కొంచెం మెత్తన. కానీ ఆ తేడా వినబడాలంటే ఊదేవాళ్లకి ముందు శబ్దం మీద పట్టు ఉండాలి. మొదటి ఏడాది గొంతుని తేల్చేది గట్స్, రీడ్, ట్యూనింగ్. పై తొడుగు ఆ తర్వాతి సంగతి.

ఖరీదైన కాల్‌లో నిజంగా డబ్బు విలువ చేసేది చేతి ట్యూనింగే. అచ్చు కాల్స్‌లో ఒకే మోడల్‌వి రెండు తీసుకున్నా రీడ్ వెంట్రుకవాసి అటూ ఇటుగా ఉండి రెండు రకాలుగా పలకొచ్చు. అందుకే పాలీ కొన్నప్పుడు సరిగ్గా పలకని ముక్క చేతికి రావడం సహజం. కాల్ చెడ్డదని కాదు, మార్చి ఇమ్మనండి. జింక్ పవర్ క్లకర్, బక్ గార్డ్‌నర్ కెనడా హ్యామర్ లాంటివి ఈ తరగతిలో తేలిగ్గా దొరుకుతాయి. ఏది తీసుకున్నా అదే తయారీదారు రీడ్లు విడిగా దొరుకుతాయా అన్నది ముందు చూసుకోండి. ఒకరి రీడ్ ఇంకొకరి గట్స్‌లో పట్టినా, గీకిన తీరు వేరు కాబట్టి సరిగ్గా పలకదు.

బురదలో, పడవలో, గడ్డకట్టిన నేల మీద పడేసుకునే వస్తువిది. కాంక్రీటు మీద పడితే అక్రిలిక్ అంచు లేచిపోతుంది, పాలీ గీత పడి ఊరుకుంటుంది. కొయ్య కాల్ గొంతు వెచ్చగా, ముద్దుగా ఉంటుంది కానీ తడికి ఉబ్బి, ఆరాక బిగువు మారుతుంది. మొదటి కాల్‌గా దాని ఊసే వద్దు.

జేబులో 150 డాలర్లుంటే అంతా కాల్ మీదే పెట్టకండి. 16 ఏళ్లు నిండినవాళ్లకి నీటిపక్షుల వేటకి తప్పనిసరైన ఫెడరల్ డక్ స్టాంపు 25 డాలర్లు. రాష్ట్ర లైసెన్సు, హెచ్ఐపీ (వలస పక్షుల వేటగాళ్ల వివరాల సేకరణ) నమోదు, సీసం లేని తూటాలు ఎలాగూ తప్పవు. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం వేరుగా ఉంటుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది గానీ, తుపాకీ ముట్టుకునే ముందే లాయరుతో తేల్చుకోవాలి. కాల్ ఊదడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు.

ఏది కొన్నా మొదటి నెల

కాల్ బాగోలేదని వాపసిచ్చేవాళ్లలో చాలామంది చెయ్యి సరిగ్గా పెట్టనివాళ్లే. ఇన్సర్ట్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి, మిగతా వేళ్లని దోసిలిలా దాని కొస చుట్టూ ముడవండి. రెండో చెయ్యి దాని మీద కప్పండి. బయటికి పెన్సిల్ దూరేంత సందు చాలు. చెయ్యి పూర్తిగా తెరిస్తే బూర శబ్దమే, విరుపు రాదు. పూర్తిగా మూస్తే గొంతు నొక్కుకుపోతుంది.

గాలి కడుపులోంచి రావాలి. కళ్లజోడు తుడిచే ముందు అద్దం మీద హా అని ఆవిరి పడతాం చూడండి, అదే ఊపిరి. కొవ్వొత్తి ఆర్పే చల్లగాలి పనికిరాదు. మొదటి వారమంతా ఆ వేడిగాలితో బొంగురు మూలుగే, రోజుకి పదిహేను నిమిషాలు. రెండో వారం ఆ మూలుగు చివర హూ-విట్ అనండి. విట్ దగ్గర నాలుక పైకి లేచి గాలి దారిని ఇరుకు చేస్తుంది, విరుపు అక్కడే పుడుతుంది. అది పదికి ఏడుసార్లు వచ్చాక, ముందున్న హూ ని కురచ చేస్తూ పోతే క్లక్ దానంతటదే మిగులుతుంది. బుగ్గలు ఉబ్బుతున్నాయేమో కారు అద్దంలో చూసుకోండి. కారే మంచి సాధన గది, అపార్టుమెంటు గోడలు పలచన.

ట్యూనింగ్ జోలికి ఈ నెల్రోజులూ వెళ్లొద్దు. తప్పనిసరై తీస్తే, ముందు రెండు గుర్తులు పెట్టండి: గట్స్ ఇన్సర్ట్‌లోకి ఎంతవరకు దిగిందో మార్కర్‌తో ఒక గీత, రీడ్ కొన టోన్ బోర్డు మీద ఎక్కడ ఆగిందో సన్న పెన్సిల్‌తో ఒక గీత. రీడ్‌ని నోటివైపు జరిపితే స్వరం లోతవుతుంది, గాలి ఎక్కువ అడుగుతుంది. వెనక్కి లాగితే స్వరం పెరుగుతుంది, చురుగ్గా విరుగుతుంది. మరీ లాగితే కీచు తప్ప ఏం మిగలదు. జరిపేది గోరు మందంలో సగం కంటే తక్కువ. గీతలు పెట్టుకోకుండా తీసినవాళ్లు ఆ ఫ్యాక్టరీ స్థానం మళ్లీ పట్టుకోలేక కాల్‌ని తిట్టుకుంటారు.

ఉన్నట్టుండి మూగబోతే కంగారొద్దు, ఉమ్ము తడికి రీడ్ అంటుకుంది. విదిలించి, డాలరు నోటు మూలని రీడ్ కిందికి మెల్లగా దూర్చి బయటికి లాగండి. రీడ్‌ని పైకెత్తకండి, వంగిన రీడ్ మళ్లీ తిన్నగా అవదు. సున్నాకి దిగువ చలిలో ఆ తడే మంచవుతుంది, అందుకే కాల్ కోటు లోపలే వేలాడాలి. కొన దగ్గర సన్న పగులు కనిపించినా, పాత బొంగురు పోయి రేకు డబ్బా మోత వచ్చినా రీడ్ మార్చే వేళయిందని.

అక్రిలిక్ ఎప్పుడు కొనాలంటే, చెరువుగట్టున గూస్‌లు మాట్లాడుకుంటుంటే విని, కారులోకొచ్చి అదే క్లక్‌ని పాలీ మీద వరసగా పదిసార్లు, పదీ ఒకేలా పలికించగలిగిన రోజున. అప్పటికి మీ ఊపిరికి ఇరుకు బోరు చాలడం లేదో, ఇంకా అదే హాయిగా ఉందో తెలిసిపోతుంది. ట్యూన్ చేసే ఆయనకి ఫోన్ చేసినప్పుడు ఆయన మొదట అడిగేది కూడా అదే.