నాలుగో నంబర్ హైబ్రిడ్, సీనియర్ ఫ్లెక్స్: ఏళ్ల వాడకం తర్వాత

గోల్ఫ్‌లో కొత్త క్లబ్ (బంతిని కొట్టే కర్ర) గురించి మొదటి వారంలో ఎవరైనా మంచే రాస్తారు. నా హైబ్రిడ్‌కి (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్య రకం క్లబ్) అడుగంతా గీతలు పడ్డాయి, గ్రిప్ (చేత్తో పట్టుకునే తొడుగు) రెండుసార్లు మారింది. సీనియర్ ఫ్లెక్స్ అంటే నెమ్మదిగా కొట్టేవాళ్ల కోసం తేలిగ్గా వంగే కాడ. ఇప్పుడు చెబితే కాస్త నమ్మొచ్చు.

అరవై దాటాక నాలుగో ఐరన్‌తో (పలచటి లోహపు తల ఉన్న క్లబ్) బంతి పైకి లేవడం మానేసింది. ఆ ఐరన్‌కి లోఫ్ట్ (తల ముఖం వెనక్కి వాలిన కోణం) తక్కువ, స్వింగ్‌లో వేగం లేకపోతే బంతి నేలబారుగా పోతుంది. హైబ్రిడ్‌లో బరువు కిందకీ వెనక్కీ ఉంటుంది కాబట్టి నాలాంటి నెమ్మది స్వింగ్‌కి కూడా బంతి లేస్తుంది. దూరం పెరుగుతుందని ఆశపడకండి. నాకు పెద్దగా పెరగలేదు. కాకపోతే పైనుంచి దిగుతుంది కాబట్టి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద ఆగుతోంది, నాకు అది చాలు.

అసలు లాభం షాఫ్ట్‌లో, అంటే క్లబ్ కాడలో ఉంది. ఐరన్లలో వాడే స్టీల్ షాఫ్ట్‌లు చాలావరకు వంద గ్రాముల పైనే, ఈ గ్రాఫైట్ షాఫ్ట్ అరవై చిల్లర. పొద్దున్నే సీసా మూత తిప్పబోతే బొటనవేలి మొదట్లో కలుక్కుమనే వయసు నాది. చలిలో స్టీల్‌తో కొట్టినప్పుడు బంతి క్లబ్ అంచుకి తగిలితే మోచేతి దాకా జివ్వుమనేది. ఇప్పుడా బాధ చాలా తగ్గింది. రెండోసారి మార్చినప్పుడు మిడ్‌సైజ్ గ్రిప్ వేయించాను, వేళ్లు అంత బిగించక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. కుడిచేతి వాటం వాళ్లకి బంతి ఎడమకి లాగుతుంది. ఫెయిర్‌వే వుడ్‌లా (దూరం కొట్టే పెద్ద తల క్లబ్) ఊడ్చినట్టు కాకుండా, ఐరన్‌లా కాస్త పైనుంచి కొడితే ఆ లాగుడు తగ్గుతుంది. ఎదురుగాలిలో మాత్రం బంతి పైకి లేచి అక్కడే తిష్ఠ వేస్తుంది, దానికి మందు లేదు. షాఫ్ట్, తల కలిసే చోట ఉండే నల్ల ప్లాస్టిక్ రింగు ఒకసారి పైకి జారింది. షాపులో జిగురు పెట్టి సరిచేశారు. గ్రిప్ జారుడుగా అనిపిస్తే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బు, పాత బ్రష్ చాలు.

గ్రీన్ అంచున దీని పనితనం చూడాలి. గ్రిప్ కిందికి పట్టుకుని, బంతికి దగ్గరగా నిలబడి, పుట్టర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) కొట్టినట్టే కొడతాను. బంతి గడ్డి మీంచి చిన్నగా గెంతి, తర్వాత దొర్లుకుంటూ పోతుంది. వెడ్జ్ (దగ్గర్నుంచి బంతిని ఎత్తుగా లేపే క్లబ్) తీస్తే పడే టెన్షన్ ఉండదు.

ముసలాళ్ల క్లబ్ అని ఆటపట్టించేవాళ్లుంటారు. 2009 పీజీఏ చాంపియన్‌షిప్‌లో టైగర్ వుడ్స్‌ని ఓడించిన వై.ఇ. యాంగ్ చివరి హోల్‌లో గ్రీన్‌కి కొట్టింది హైబ్రిడ్‌తోనే. అప్పుడతనికి 37 ఏళ్లు. ఈ మాట చెబితే కాసేపు ఊరుకుంటారు.

ఇది వచ్చాక మూడు, నాలుగు, ఐదు ఐరన్లు ఇంట్లోనే ఉండిపోయాయి. నిబంధనల ప్రకారం 14 క్లబ్బుల దాకా మోయొచ్చు, నేను తొమ్మిదే మోస్తాను. ముందు టీల (హోల్‌కి దగ్గరగా ఉండే మొదలుపెట్టే చోట్ల) నుంచే ఆడతాను. 18 హోల్స్ నడిచి వచ్చాక కూడా సాయంత్రం మనవరాలి సైకిల్ వెనకాల పరిగెత్తే ఓపిక మిగులుతోంది. ఆట అవగానే సోఫాలో కూలబడే మనిషితో ఇంట్లోవాళ్లకి పనేముంటుంది? నా లెక్కలో స్కోర్ కన్నా ఇదే పెద్ద మార్కు.

ఐదో ఐరన్‌తో బంతి ఇప్పటికీ తేలిగ్గా లేపగలిగేవాళ్లకి ఇది అక్కర్లేదు. కొనేవాళ్లు ముందు ఒక్కటే కొనండి, మిగతా ఐరన్లతో దూరాల తేడా చూసుకుని రెండోదాని సంగతి ఆలోచించండి. ఫ్లెక్స్ మాత్రం పుట్టినరోజు చూసి కాదు, కొట్టి చూసి తీసుకోండి. మా గ్రూపులో నాకన్నా పెద్దాయన ఒకరు ఇప్పటికీ రెగ్యులర్ ఫ్లెక్సే (ఇంకాస్త గట్టిది) వాడతారు. నా క్లబ్ ఆయన చేతికిస్తే బంతి నేరుగా ఎడమవైపు చెట్లలోకే.