గంజాం మొగలి నీరు: చిన్న బట్టీ, తిరిగి నింపే సీసా

బరంపురం కిరాణా కొట్లలో మొగలి నీరు పేరుతో దొరికే సీసాల మీది చీటీ చదివితే, చాలావాటిలో కృత్రిమ పరిమళం కలిపినట్టు చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. మొగలి పువ్వుకూ దాని నుంచి తీసిన రూహ్‌కూ (స్వచ్ఛమైన పూల తైలానికి) భౌగోళిక గుర్తింపు ఉన్న గంజాం జిల్లాలో కాపురముంటూ, అలాంటి నీటిని పాయసంలో వేసుకోవలసి రావడం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. అందువల్లనే ఛత్రపురం వైపు ఒక కుటుంబం నడుపుతున్న చిన్న బట్టీలో కాచి, గాజు సీసాల్లో నింపి అమ్ముతున్న మొగలి నీటిని గురించి వివరంగా రాస్తున్నాను.

మొగలిలో ఘుమఘుమలాడేది మగపువ్వు. కోసిన కొద్ది గంటల్లోనే దాని వాసన తగ్గడం మొదలవుతుంది కనుక, తెల్లవారుజామునే కోసి వెంటనే బట్టీకి చేర్చాలి. బట్టీలు పట్నంలో కాక రంగైలుండ, చికిటి, ఛత్రపురం ప్రాంతాల పల్లెల్లో, మొగలి డొంకలకు దగ్గరగా వెలిసింది ఇందుకే. ఈ కుటుంబానిది పాత పద్ధతే. పూలను డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీటితో పాటు వేసి, మూత అంచుకు గుడ్డా బంకమట్టీ పట్టించి, కట్టెల మంట మీద కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన భప్కా అనే పాత్రలోకి దిగి చల్లబడుతుంది. అత్తరుకైతే ఆ భప్కాలో ముందే గంధపు నూనె పోసి ఉంచాలి. గంధం ధరకు తట్టుకోలేక దాని బదులు పారఫిన్ పోసేవారూ ఈ వ్యాపారంలో ఉన్నారు. మొగలి నీటికి ఆ బెడద లేదు, చల్లబడి దిగిన నీరే సరుకు. అయితే మంట కాస్త ఎక్కువైనా నీటికి మాడు వాసన పడుతుంది కాబట్టి, డేగు పక్కనుంచి కదలకుండా కొద్దికొద్దిగా కాచే మనుషుల ఓపిక మీదే మంచి చెడ్డలు ఆధారపడి ఉంటాయి.

ఈ నీటిలో ఆ ఓపిక తెలుస్తోంది. బిరడా తీయగానే గుప్పుమనదు. గిన్నెలో పోసి వెలుతురుకు పట్టి చూస్తే పైన సన్నని నూనె తెట్టు మెరుస్తుంది, ఆ తరువాత పచ్చి రేకు వాసన, దాని వెనుక తేనెలాంటి తీపి మెల్లగా అందుతాయి. జేబురుమాలు మీద చిలకరించి సాయంత్రం చూస్తే ఇంకా లేతగా నిలిచే ఉంది. కొట్లో కొన్న రకాన్ని పక్కన పెట్టి చూశాను, అది మొదట ముక్కు అదిరేలా ఘాటెత్తి కాసేపటికే మాయమైంది. చక్కెర పొంగలికి ఒక చెంచా చాలు, బిర్యానీకైతే దించే ముందు చల్లుకోవాలి.

సీసా విషయంలో వీరి శ్రద్ధకు నేను మనసారా నమస్కరిస్తాను. ముదురు గోధుమరంగు గాజు వెలుతురును అడ్డుకుంటుంది. ఖాళీ సీసా తిరిగి ఇచ్చినవారికి కొత్త నీటి ధరలో సీసా విలువ తగ్గిస్తారు; దానిని వేడినీటితో కడిగి, ఆరబెట్టి మళ్లీ నింపుతారు. దారిలో పగలకుండా ఎండుగడ్డి చుట్టి తాటాకు బుట్టలో పెట్టి ఇస్తారు, కాగితం చీటీని సైతం పిండి జిగురుతోనే అంటిస్తారు. ప్లాస్టిక్ సంచి అడిగినా ఇవ్వరు.

లోపాలు లేకపోలేదు. బిరడా బిగుతు చాలక బుట్ట వంగితే నీరు కారుతుంది. లక్కతో ముద్ర వేస్తే ఆ బాధ తప్పుతుంది. చీటీ మీద కాచిన తేదీ లేదు. తినుబండారాల్లో వాడే సరుకు మీద అది తప్పనిసరిగా ఉండాలి, పైగా ఏ పూతలో తీసిన నీరో తెలియడం కొనేవారికి ఎంతో ముఖ్యం. ఏడాదిలో పెద్ద పూత వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా వస్తుంది. నిల్వ అయిపోతే ఈ కుటుంబం నీళ్లు కలిపి సాగదీయదు, మళ్లీ పూత దాకా అమ్మకం ఆపేస్తుంది. అందుచేత కావలసినవారు ఆగస్టులోనే ఖాళీ సీసాలతో వెళ్లి తెచ్చుకోవడం మంచిది.